షమీమ్ వదులుకున్న టికెట్

కర్నూలులో ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా సివిక్స్ చెబుతున్నాను. అమెరికాలో అధ్యక్ష పదవి కోరేవాళ్లు ముందు సొంత పార్టీలోనే ఒకరితో ఒకరు పోటీ పడాలని, దాన్ని ప్రైమరీ అంటారని, దారి మధ్యలో కొందరు తప్పుకొని నిన్నటిదాకా తిట్టిన మనిషికే మద్దతు ప్రకటిస్తారని ఏటా ఒక పీరియడ్‌లో చెప్పేసి, గంట కొట్టగానే సుద్దముక్క పక్కన పెట్టి బయటికి వచ్చేదాన్ని. అలా తప్పుకోవడం ఒక మనిషికి ఎలా ఉంటుందో కళ్లారా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. చూసింది అమెరికాలోనూ కాదు, ఆస్ట్రేలియాలో. తప్పుకున్న మనిషి నా హాస్టల్ స్నేహితురాలు షమీమ్.

ఇంటర్‌లో రెండేళ్లు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. తర్వాత తను మెడిసిన్‌కి పోయింది, నేను బీఏకి. షమీమ్ యూసుఫ్ అనే ఇంజనీరును పెళ్లి చేసుకుని మెల్‌బోర్న్‌కు వెళ్లి ఇరవై ఏళ్లవుతోంది. ఒక్కతే కూతురు, కాలేజీ చదువుకు వేరే ఊరు వెళ్లింది. ఏటా రమ్మని ఉత్తరం రాసేది, ఏటా నేను ఏదో సాకు చెప్పేదాన్ని. ఈసారి ఉత్తరం రాలేదు, ఫోను వచ్చింది. "నేను ఎలక్షన్‌కి నిలబడతాండా. పాఠాలు చెప్పేదానివి, వచ్చి చూసిపో" అంది. 2000 రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న Y2K భయమంతా ఉత్తదేనని తేలి ఆరేడు నెలలు దాటింది. మా కొండారెడ్డి బురుజు చుట్టూ కంప్యూటర్ కోచింగ్ బోర్డులు మాత్రం తగ్గలేదు. సెలవు పెట్టి బయల్దేరాను.

మెల్‌బోర్న్ విమానాశ్రయం

ఆ దేశంలో దిగేవాళ్లు తిండి వస్తువులేమున్నా చూపించాలి. కారం పొడి, నువ్వుల పొడి మూత తీసి చూసి వదిలేశారు. షమీమ్ ప్రత్యేకంగా తెమ్మన్న రెండు కిలోల ఉలవల దగ్గర ఆఫీసరు ఆగాడు. తెల్లజుట్టు మనిషి, చాలా మర్యాదస్థుడు. ఇవి మొలకెత్తుతాయా అని అడిగాడు. మా ఊరి ఉలవల మీద అభిమానం కొద్దీ బ్రహ్మాండంగా మొలకెత్తుతాయని చెప్పాను. అతను బాధగా తలాడించి సంచీని అలాగే ఎత్తి పెద్ద పచ్చ డబ్బాలో వేశాడు. బయట నా కోసం నిలబడ్డ షమీమ్ ఆ సంగతి విని, మొలకెత్తే గింజలు ఈడికి రానీరు, ఇరవై రెండేళ్ల టీచరువు, ఒక్క అబద్ధం చెప్పలేకపోయినావా అని కారు ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది.

క్రెయిగీబర్న్

ఊరికి ఉత్తరాన, సిడ్నీ వెళ్లే హ్యూమ్ హైవే పక్కన ఉంటుంది క్రెయిగీబర్న్. ఒక వీధిలో కొత్త ఇళ్లు, తర్వాతి వీధిలో పునాదులు, ఆ తర్వాత కంచె, కంచె అవతల పసుపు గడ్డి. ఆగస్టు నెల అంటే వాళ్లకు నిండు చలికాలం. తెల్లవారి తలుపు తీస్తే ముంగిట గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. నేను తీసుకెళ్లిన రెండు శాలువాలూ ఒకదాని మీద ఒకటి కప్పుకున్నా చాలలేదు. యూసుఫ్ భాయ్ తన పాత ఓవర్‌కోటు ఇచ్చాడు. చీర మీద ఆ కోటుతో తిరిగినన్నాళ్లూ నన్ను చూసి ఎవరూ నవ్వలేదు, అదొక విశేషం.

పోటీ సంగతి షమీమ్ మొదటి రోజే వివరించింది. ఆ ప్రాంతం ఎమ్మెల్యే రిటైరవుతున్నాడు. అతని స్థానంలో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అక్కడే నివసించే పార్టీ సభ్యులు ఓటేసి తేలుస్తారు. మన దగ్గర టికెట్ కోసం హైదరాబాదుకు బస్సులు కట్టుకుని పోతారు. ఎవరికి దక్కిందో పొద్దున పేపరు వచ్చేదాకా అడిగినవాడికే తెలియదు. ఇక్కడేమో నూటయాభై మంది మామూలు మనుషులు ఒక స్కూలు హాల్లో కూర్చుని టికెట్ ఇస్తారట. నేను రెండుసార్లు అడిగి మరీ నిజమేనని నమ్మాను.

ముగ్గురు పోటీలో ఉన్నారు. ఒకరు షమీమ్. ఆ చుట్టుపక్కల సాయంత్రం ఆరు దాటితే డాక్టరుండడు, రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి కావాలన్నది ఆమె పట్టు. రెండోవారు మార్గరెట్ అనే అరవై ఏళ్ల ఆవిడ. స్కూలు ముందు జెండా పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం ఆమెది. సిటీ రైలు బ్రాడ్‌మెడోస్‌లోనే ఆగిపోతుందని, దాన్ని క్రెయిగీబర్న్ దాకా పొడిగించాలని ఏళ్ల తరబడి సంతకాలు సేకరిస్తోంది. మూడోవాడు నగరంలో పేరున్న లాయరు. పార్టీ పెద్దల అండ ఉంది, ఆ ప్రాంతంలో ఇల్లు మాత్రం లేదు.

షమీమ్ తరఫున పనంతా చూసేది రామ్మోహన్. తెనాలి మనిషి. పదిహేనేళ్ల కిందట వచ్చి ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారంలో స్థిరపడ్డాడు. అతని తల్లి ఇక్కడికి వచ్చి మంచాన పడ్డప్పుడు షమీమ్ నలభై రోజులపాటు క్లినిక్ మూశాక రోజూ వాళ్లింటికి వెళ్లిందట. ఆవిడ పోయినా అతను ఆ మాట మరిచిపోలేదు. షమీమ్‌ను డాక్టరుగారూ అని తప్ప పిలవడు, ఆమె ముందు కుర్చీలో వెనక్కి వాలి కూర్చోడు.

ఇంటింటికీ

రెండు సాయంత్రాలు షమీమ్ వెంట సభ్యుల ఇళ్లకు తిరిగాను. జీపుల్లేవు, దండల్లేవు. అభ్యర్థి తలుపు తట్టి, బూట్లు చాపకు తుడుచుకుని, కుక్కను పలకరించి లోపలికి వెళుతుంది. వాళ్లు టీ ఇస్తారు, బిస్కెట్ల డబ్బా ముందుకు జరుపుతారు. ఎన్నికల మాట రెండు నిమిషాలు, మోకాళ్ల నొప్పి మాట ఇరవై నిమిషాలు. జూలైలో వచ్చిన జీఎస్టీ అనే కొత్త పన్ను మీద మాత్రం ప్రతి ఇంట్లోనూ ఫిర్యాదు ఉంది. ఒక ఇటలీ పెద్దాయన పెరట్లో గాజుగది కట్టి చలికాలంలోనూ టమాటాలు కాయిస్తున్నాడు. కిలో ఎంతకు కొంటారని నన్నడిగాడు. మా ఊళ్లో ధర చెబితే నమ్మలేదు. మా కర్నూలు జిల్లాలో ధర పడిపోతే రోడ్డు మీద పారబోస్తారని చెబితే లేచి లోపలికి వెళ్లి నాకు నాలుగు టమాటాలు తెచ్చి ఇచ్చాడు, ఓదార్పుగా.

మేం బయటికి వచ్చేసరికి వాన. గేటు దగ్గర మార్గరెట్ ఎదురైంది. ఆమె కూడా అదే ఇంటికి ఓటడగడానికే వచ్చింది. ఇద్దరూ గట్టిగా నవ్వుకున్నారు. మార్గరెట్ తన గొడుగు మా మీద పట్టి కారు దాకా వచ్చి, మమ్మల్ని ఎక్కించి, తను తడుస్తూ వెనక్కి వెళ్లింది. పెద్దాయన మోకాలు ఎలా ఉందో నువ్వు అడిగావా, నేనూ అడగాలా అని దారిలో షమీమ్‌ను అడిగింది. మన దగ్గరైతే ఈ ఇద్దరి మనుషులూ ఈపాటికి ఒకరి పోస్టర్లు ఒకరు చించుకునేవాళ్లు.

క్లేటన్

నా దగ్గర చదువుకున్న శ్రీకాంత్ క్లేటన్‌లో ఉంటాడు. ఊరికి ఇంకో చివర, రెండు రైళ్లు మారాలి. షమీమ్ క్లినిక్‌కు వెళ్లిన రోజు నేనొక్కదాన్నే బయల్దేరాను. నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్లో తప్పు ప్లాట్‌ఫారం ఎక్కి, సముద్రం వైపు నాలుగు స్టేషన్లు పోయి, తిరిగొచ్చాను. దారి చెప్పిన అమ్మాయి తన రైలు వదులుకుని నన్ను సరైన రైలు ఎక్కించింది.

మూడు పడగ్గదుల ఇంట్లో ఆరుగురు తెలుగు పిల్లలు. Y2K పని కోసం వచ్చినవాళ్లే అందరూ. ఆ పని అయిపోయింది. ఇద్దరికి కొత్త ప్రాజెక్టులు దొరికాయి, ముగ్గురు ఎదురుచూస్తున్నారు, శ్రీకాంత్ పగలు రెజ్యూమెలు పంపుతూ సాయంత్రం ఒక హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు. ఆ మాట నాకు చెప్పడానికి సిగ్గుపడలేదు, అది నాకు నచ్చింది. నా కోసం టమాటా పప్పు, కోడికూర వండారు. సూపర్ మార్కెట్ కోడికి ఎముకే లేదు, రుచీ లేదు. కారం మాత్రం మా జిల్లాదే. నేలమీద పేపర్లు పరిచి తిన్నాం.

తింటుండగా శ్రీకాంత్ మామూలుగా అన్నాడు. "ఆదివారం మేమంతా ఆడికే వస్తాండాం మేడం, డాక్టరాంటీకి ఓటేసేకి."

నువ్వు ఉండేది ఇక్కడ కదా అన్నాను.

"అడ్రస్ ఆడిది రాసినాం. రామ్మోహన్ అంకుల్ ఫారాలు తెచ్చినాడు, సంతకాలు పెట్టినాం. మా ఇల్లే కాదు, ఈడ చానా ఇండ్లలో పెట్టినారు. ముప్పై ఏడు మందిమి."

డాక్టరాంటీకి ఈ సంగతి తెలుసా అని అడిగాను. తెలిసే ఉంటుంది కదా మేడం అన్నాడు, పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ. వాడి ముఖంలో ఏ తప్పూ లేదు. మనవాళ్లలో ఒకరు పెద్ద పదవిలో ఉంటే తమకొక మనిషి ఉన్నట్టు ఉంటుందని అనుకున్నాడు, అంతే.

తిరుగు రైల్లో అదే ఆలోచన. షమీమ్‌కు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఇంటికి వెళ్లాక తను భోజనం వడ్డిస్తూ ఎన్ని ఓట్లు వస్తాయో వేళ్ల మీద లెక్క చెబుతోంది. రామ్మోహన్ ముప్పై, నలభై మంది కొత్తవాళ్లను చేర్పించాడట, అక్కడే తన ధైర్యం అంది. నేను ఇంకొంచెం చారు వేయించుకున్నాను.

హ్యూమ్ హైవే

రెండు రోజుల తర్వాత ఇద్దరం దేశ రాజధాని కాన్‌బెర్రాకు బయల్దేరాం. సివిక్స్ టీచరుకు పార్లమెంటు చూపించకుండా పంపనని షమీమ్ ముందే మొక్కుకున్నంత పనిచేసింది. ఆరువందల కిలోమీటర్లకు పైగా తనే నడిపింది. దారి పొడవునా గొర్రెల మందలు, యూకలిప్టస్ చెట్లు, లోడుతో పోయే రైలుపెట్టెల్లాంటి లారీలు. ఊళ్లు తక్కువ. ఊరు వచ్చినప్పుడల్లా ఒక బేకరీ, ఒక యుద్ధ స్మారకం తప్పకుండా ఉంటాయి.

గుండగై అనే ఊరి దగ్గర ఆగి వేడి బంగాళాదుంప వేపుడు కొన్నాం. దాని మీద వెనిగర్ చల్లి ఇస్తారు. మొదట ముఖం చిట్లించినా, సగం పొట్లం నేనే తిన్నాను. బయట బల్ల మీద ఎండలో కూర్చున్నాం. ఇక దాచలేక శ్రీకాంత్ చెప్పినదంతా చెప్పాను. చివర నోరు జారింది.

"నీకు తెలుసా?" అన్నాను.

షమీమ్ చేతిలోని పొట్లం మెల్లగా బల్లమీద పెట్టింది. "ఏమడుగుతాండావే నన్ను?"

"తెలుసా అని."

"నాకు తెలియదు సరోజా. కానీ నువ్వు నన్ను అట్ల అడిగితివి చూడు."

అంతే. కారు ఎక్కింది. యాస్ అనే ఊరు దాటేదాకా గంటసేపు ఒక్క మాట లేదు. కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాను. కాన్‌బెర్రా బోర్డు కనిపించాక తనే చేయి చాచి నా కోటు కాలరు సర్దింది. చలి ఎక్కువ ఉంటాది ఈడ అంది. క్షమాపణ చెప్పబోతే వద్దంది. కొత్తగా చేరినోళ్లు ఎవరు, ఏ వీధి అని ఒక్క పూట అడిగుంటే తెలిసేది, నేను అడగలేదు, ఓట్ల లెక్క బాగుందని ఊరుకున్నా అంది.

కాన్‌బెర్రా

చాలా శుభ్రంగా, కొంచెం ఖాళీగా ఉండే ఊరు. పార్లమెంటు ఒక కొండలోకి దూర్చి కట్టినట్టు ఉంటుంది. దాని పైకప్పంతా పచ్చిగడ్డి. ఎవరైనా ఎక్కి నడవచ్చు. తమను ఏలేవాళ్ల నెత్తిమీద జనం నడుస్తారన్నమాట. స్కూలు పిల్లలు ఆ వాలు మీద దొర్లుకుంటూ పోతుంటే కాపలావాడు చూస్తూ ఊరుకున్నాడు. లోపల సభ జరగడం లేదు. కుర్చీలు యూకలిప్టస్ ఆకు రంగులో ఉన్నాయి. మీరెక్కడి నుంచి వచ్చారని గైడు అడిగితే నేను కర్నూలు అన్నాను. షమీమ్ క్రెయిగీబర్న్ అంది.

పైకప్పు మీద గడ్డిలో కూర్చుని, పోటీ నుంచి తప్పుకుంటున్నానని తను చెప్పింది. ముప్పై ఏడు పేర్లు కొట్టేయించి పోటీలో ఉండొచ్చు కదా అని నేను అన్నాను. ఉండొచ్చు అంది. కానీ పోటీలో ఉంటే అవతలివాళ్లు ఆ ఫారాల వెంట పడతారు. ఆ పిల్లలంతా తాత్కాలిక వీసాల మీద ఉన్నారు. తప్పు అడ్రసు కాగితం మీద ఎవడి సంతకం ఉందో వాడి కొంప మునుగుతుంది. తను తప్పుకుంటే ఆ కాగితాలతో ఎవరికీ పని ఉండదు. "నిజం నేను చెప్పేస్తా. పేర్లు మాత్రం చెప్పను" అంది.

మోటెల్ నుంచి రామ్మోహన్‌కు ఫోను చేసింది. గదిలో హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు కాబట్టి అతని గొంతు నాకూ వినిపించింది. అతను దాచలేదు. మీ కోసమే చేశానండీ అన్నాడు.

"నా కోసమే చేసినారు రామ్మోహన్ గారూ. అందుకే అది నేనే మోయాల."

ఆ పిల్లల చేత సభ్యత్వం వదులుకుంటున్నట్టు రేపే ఉత్తరాలు రాయించమని చెప్పింది. అతని జవాబు మాత్రం హీటరు చప్పుడులో కలిసిపోయింది.

మర్నాడు పొద్దున కారు అద్దం మీద మంచు గడ్డకట్టింది. మగ్గుతో నీళ్లు పోస్తుంటే షమీమ్ సెల్‌ఫోన్ మోగింది. లాయరు. తప్పుకునే ఆలోచన ఉందని అతని దాకా ఎలా చేరిందో తెలియదు. తనకు మద్దతు ప్రకటిస్తే ఆస్పత్రి బోర్డులో షమీమ్‌కు స్థానం వచ్చేలా చూస్తానన్నాడట. షమీమ్ మర్యాదగా ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. తర్వాత మంచు కరిగిపోయిన అద్దం మీదే ఇంకో మగ్గు పోసింది. రాత్రిపూట ఆస్పత్రి అనేది తను ఎనిమిదేళ్లుగా అడుగుతున్న కోరిక. అది ఆ మనిషి చేతుల మీదుగా నిజంగా రావచ్చు. ఆ ముక్క ఇద్దరికీ తెలుసు.

మళ్లీ క్రెయిగీబర్న్

ఇంటికి పోకుండా తిన్నగా మార్గరెట్ ఇంటికి వెళ్లాం. ఆవిడ పొయ్యి మీద గుమ్మడికాయ సూపు కాస్తోంది. షమీమ్ అంతా చెప్పి, తను తప్పుకుంటున్నానని, ఆమెకు మద్దతిస్తానని, బదులుగా ఏమీ అడగనని అంది. మార్గరెట్ గరిటె పక్కన పెట్టి కూర్చుంది. నువ్వు నిలబడి నిజం చెప్పి ఓడిపో, నేనూ ఓడిపోతాను, ఇద్దరం మర్యాదగా ఓడిపోదాం అని బతిమాలింది. షమీమ్ ఒప్పుకోలేదు. చివరికి మార్గరెట్ ఒక నోటుబుక్కు తెచ్చి ఆస్పత్రి గురించి చెప్పు, రైలు తప్ప నాకేమీ తెలియదు అంది. వాళ్లిద్దరూ రెండు గంటలు రాసుకున్నారు. నేను రెండు గిన్నెల సూపు తాగాను. అందులో మిరియాలు వేస్తే ఇంకా బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నం స్కూలు హాలు నిండింది. గోడలకు పిల్లల బొమ్మలు, వెనక బల్ల మీద టీ, కేకులు. రామ్మోహన్ చివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. క్లేటన్ పిల్లలు రాలేదు. వాళ్ల ఉత్తరాలన్నీ ముందురోజే అందాయని పార్టీ కార్యదర్శి షమీమ్‌తో అన్నాడు.

షమీమ్ మాట్లాడింది ఐదు నిమిషాలు. కాగితం లేదు. తనకు ఓటేయడానికి చేరిన కొందరి అడ్రసులు నిజమైనవి కావని, ఆ సంగతి తనకు తెలియకపోవడం సాకు కాదని, తెలుసుకోవాల్సింది తనేనని చెప్పింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన లేచి వాళ్ల పేర్లు చెప్పమన్నాడు.

"నా పేరు చెబుతున్నాను కదా, అది చాలు" అంది ఇంగ్లీషులో.

తర్వాత మార్గరెట్ వైపు తిరిగి, ఇరవై ఏళ్లుగా మీ పిల్లల్ని, నా పిల్లను ఈమె రోడ్డు దాటించింది, నాకు పడాల్సిన ప్రతి ఓటూ ఈమెకు వేయమని అడుగుతున్నాను అంది. ఇటలీ పెద్దాయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తర్వాత కొందరు కలిశారు. అందరూ కాదు. ఇద్దరు మనవాళ్లు ఓటేయకుండానే లేచి వెళ్లిపోయారు.

సభ్యురాలు కాబట్టి షమీమ్‌కూ ఒక ఓటు ఉంది. ఓటు ఎవరికీ కనబడకుండా పెట్టిన అట్ట అడ్డు వెనక నిలబడి, వంగి, పెన్సిలుతో మార్గరెట్ పేరు పక్కన గుర్తు పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేసింది. లెక్క తేలడానికి గంట పట్టింది. మార్గరెట్ ఏడు ఓట్లతో గెలిచింది. ఆవిడ వేదిక ఎక్కకముందు జనాన్ని తోసుకుని వచ్చి షమీమ్‌ను గట్టిగా పట్టుకుంది. లాయరు వచ్చి ఇద్దరికీ చేయి కలిపి వెళ్లాడు. రామ్మోహన్ కుర్చీలన్నీ మడతపెట్టి గోడ వారగా పేర్చి, చివరి కుర్చీ అయ్యాకే బయటికి వెళ్లాడు.

ఇంటికి వెళుతూ షమీమ్ కొత్త ఇళ్లు అయిపోయే చోట, కంచె పక్కన కారు ఆపింది. పొద్దు వాలుతోంది. ఇంజను ఆపేసి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

"నాకు గెలవాలని ఉండె సరోజా."

"తెలుసు."

"చానా ఉండె."

అప్పుడు ఏడ్చింది. హాస్టల్లో ఫిజిక్స్ మార్కులు బాగా తగ్గాయని తెలిసిన రోజు కూడా ఏడవని మనిషి. ఇంత మంచి పని చేశావు అనే మాట నోటిదాకా వచ్చింది, అది ఆ క్షణాన ఆమెకు పనికొచ్చేది కాదు. తన చేతి మీద చేయి వేసి కూర్చున్నాను. మా ఊపిరికి అద్దాలన్నీ మసకబారాయి. కాసేపటికి, తను కట్టింది చీర కాదు కాబట్టి కొంగు లేక, నా కోటు చేతికి ముఖం తుడుచుకుంది. తర్వాత కారు స్టార్ట్ చేసి, ఎదుటి అద్దం మీద మసక పోయేదాకా ఆగి, రేపు ఎనిమిదింటికే మొదటి పేషెంటు ఉన్నాడని చెప్పి, ఇంటి వైపు తిప్పింది.